పాత బోర్డు పీకే ముందు ఒక్క మాట

తూర్పు సింగ్‌భూమ్ జిల్లా డిప్యూటీ కమిషనర్ గారికి,



ఊళ్లో ఏ కూడలిని బాగుచేసినా మొదట కదిలేవి బోర్డులు. రోడ్డు వెడల్పు చేయాలంటే స్తంభం పీకాలి. స్తంభం పీకితే దానికి బిగించిన రేకు కూడా పోతుంది. ఆ రేకు పాత ఇనుము కింద తూకానికి వెళ్తుంది. దాని మీద ఏం రాసి ఉందో, ఏ మూల నిలబడి ఏ దిక్కు చూపించేదో ఏ ఫైల్లోనూ ఎక్కదు. సాకచీ గోల్‌చక్కర్, బిష్టుపూర్ మెయిన్ రోడ్డు, గోల్మురి, మా భాలుబాసా, ఇవన్నీ రూపు మారుతూనే ఉన్నాయి. మారకూడదని ఎవరూ అనరు. నేను కోరేది చిన్న విషయం. పాత వీధి పేర్ల పలకలు, దూరం చెప్పే రాళ్లు, పేటల పేర్ల బోర్డులు ఎక్కడ మిగిలి ఉంటే అక్కడే ఉంచి, కొత్తవాటిని వాటి పక్కన పెట్టడం ఈ ఊళ్లో నియమం కావాలి. నోటిఫైడ్ ఏరియా కమిటీ చేసే పనికైనా, ఊరి పౌర సేవలు చూసే టాటా స్టీల్ యూఐఎస్ఎల్ చేసే పనికైనా అదే నియమం వర్తించాలి. మీరు తలచుకుంటే దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

ఈ ఊరికే ఇది ఎందుకు అంత ముఖ్యమంటే, జంషెడ్‌పూర్‌లో చరిత్ర కోటగోడల మీదో గాలిగోపురాల మీదో లేదు. టాటా ఉక్కు కంపెనీ పుట్టింది 1907లో. మొదటి ఉక్కు పోతపోసింది 1912లో. అంతకు రెండేళ్లు అటూ ఇటూగా పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెనెడీ, సాలిన్ సంస్థ గళ్లనోటు పుస్తకంలా నిలువు అడ్డం వీధులు గీసింది. బిష్టుపూర్‌లో ఇప్పటికీ ఎన్ రోడ్డు, క్యూ రోడ్డు అని అక్షరాలతో పిలుచుకునే వీధులు ఆ తొలి రోజుల కొలతబద్ద ఊరిని గుర్తుచేసేవే. తర్వాత ఎఫ్.సి. టెంపుల్ వచ్చి, నేల వాలును, నీటి పారుదలను చూసి రోడ్లు వేయాలన్నాడు. 1930లలో మేజర్ స్టోక్స్ ఇంకో ప్రణాళిక గీశాడు. 1944–45లో ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ వచ్చి ఊరిని పొరుగు వాడలుగా విడగొట్టి ఆలోచించాడు. ఆ తర్వాత మూడేళ్లకే ఆయన భువనేశ్వర్ ప్రణాళిక చేశాడు. ఇలా ఒకరి మీద ఒకరు గీసిన నాలుగు పటాల ఊరు మనది. ఆ పటాలు దస్తావేజుల గదుల్లో ఉంటాయి, అందరికీ అందవు. ఆనాటి క్వార్టర్లు ఒక్కొక్కటే పడిపోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. రోడ్డు మీద నడిచే మనిషి ఈ ఊరు ఎలా పెరిగిందో తెలుసుకోవడానికి మిగిలిన ఆధారం వీధుల పేర్లు, ఆ పేర్లు మోసే బోర్డులు. అసలు ఊరు కట్టకముందే, 1902లో, జంషెడ్‌జీ టాటా తన కొడుక్కి రాసిన ఉత్తరంలో వెడల్పైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, వేర్వేరు మతాల వాళ్లకు ప్రార్థనా స్థలాలు ఉండాలని కోరాడు. వీధి గురించిన ఆలోచనతో మొదలైన ఊరు ఇది. అలాంటి ఊళ్లో వీధి పలకకు విలువ లేకపోతే ఇంక దేనికి ఉంటుంది?

ఒక్క ఉదాహరణ చూడండి. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఇక్కడికి వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ కర్మాగారం అందించిన రైలు పట్టాలకు కృతజ్ఞతగా సాకచీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మీద ఉన్న కాలీమాటీ స్టేషన్ టాటానగర్ అయింది. ప్రభుత్వ కాగితాల్లో రెండు పాత పేర్లూ ఆ రోజుతో పక్కకు తప్పుకున్నాయి. కానీ సాకచీ ఒక పేటగా బతికింది. కాలీమాటీ ఏమైంది? స్టేషన్ బోర్డు మీంచి పోయిన ఆ పేరు సాకచీలో కాలీమాటీ రోడ్డుగా మిగిలింది. ఇవాళ ఆ రోడ్డు మీద దుకాణానికి వెళ్లే కుర్రాడికి టాటానగర్‌కు ముందు ఇంకో పేరుండేదన్న సంగతి ఆ రోడ్డు పేరే చెప్పాలి, మరొకటి చెప్పదు. ఇలాగే స్ట్రెయిట్ మైల్ రోడ్డు. దేశం మైళ్లను వదిలి కిలోమీటర్లకు మారి అరవై ఏళ్లు దాటింది. అయినా ఆ రోడ్డు పేరులో మైలు నిలిచి, ఇంజనీర్లు మైళ్ల లెక్కన ఊరిని కొలిచిన రోజుల్ని చెబుతోంది. గోపాల్ మైదాన్‌ను ఇప్పటికీ సగం ఊరు రీగల్ అనే అంటుంది. కార్మిక నాయకుడు వి.జి. గోపాల్ పేరు గౌరవంతో పెట్టినది, అది ఉండాల్సిందే. రీగల్ అన్న మాట జనం నోట ఉన్నంతకాలం దానికీ ఒక చిన్న పలక ఉంటే నష్టమేముంది? ప్రభుత్వం పేరు మార్చగలదు. పాత పేరును జనం ఎంతకాలం మోస్తారన్నది మాత్రం కళ్లముందు ఆ అక్షరాలు ఉన్నాయా లేదా అన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది.

ప్రణాళికలో చోటు దొరికిన పేటల సంగతి ఇది. దొరకని బస్తీల సంగతి ఇంకా సున్నితం. భాలుబాసా, సీతారామ్‌డేరా, భుయ్యాఁడీహ్, కాశీడీహ్ లాంటివి కంపెనీ పటంలో అందంగా గీసిన పేటలు కావు. కర్మాగారానికి కూలికి వచ్చినవాళ్లు గుడిసె వేసుకున్న చోట్లు, అంతకుముందే ఉన్న ఆదివాసీ గ్రామాల ఆనవాళ్లు కలిసి పెరిగినవి ఇలాంటి బస్తీలు. పక్కనే అగ్రికో ఉంది. పలుగులు, పారలు చేసే కంపెనీ పేరు మీద వచ్చిన పేట అది. ఆ కంపెనీని టాటాలు 1920లలో తీసుకున్నారు. అటు బర్మామైన్స్ ఉంది, బర్మా కార్పొరేషన్ అనే గనుల కంపెనీ పేరును మోస్తోంది. పనీ పారిశ్రామిక చరిత్రా రెండూ ఈ పేర్లలోనే ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి వాల్తేరు లైను పట్టుకుని ఖరగ్‌పూర్ మీదుగా ఇక్కడికి చేరిన మన తెలుగువాళ్లు కూడా ఈ ఊరిని మొదట గుర్తుపట్టింది పేట పేర్లతోనే. ఇంటికి రాసిన ఉత్తరాల మీద చిరునామా బస్తీ పేరే. బిష్టుపూర్‌లో తెలుగువాళ్లు కట్టుకున్న ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వల్ల ఆ చుట్టుపక్కల రామమందిర్ ఏరియా అని చిరునామా వచ్చింది. ఒక వలస సమాజం ఒక ఊళ్లో వేరు పట్టిందని చెప్పడానికి పోస్టుమాన్ చదివే పేరుకన్నా గట్టి రుజువు ఉండదు. ధనికుల బంగళాలకు ఫోటోలు ఉంటాయి, పుస్తకాలు ఉంటాయి. బస్తీకి ఉండేది కూడలిలో ఒక బోర్డు. అందుకే నియమం పెడితే బిష్టుపూర్ కన్నా ముందు భాలుబాసాలో పెట్టాలని నా మనవి.

ఇక అభ్యంతరాల సంగతి. అన్నిటికన్నా బలమైనది ప్రాణాలకు సంబంధించినది. పాత బోర్డు రాత్రి కనబడదు, అక్షరాలు చిన్నవి, ఇవాళ్టి లారీల వేగానికి చాలవు అని మీ ఇంజనీర్లు అంటారు. వాళ్లు చెప్పేది సరైనదే. కొత్త బోర్డుల మీది రేకుపొరలో సన్నని గాజుపూసలో, పట్టక కోణాలో ఉండి, హెడ్‌లైటు వెలుగును వచ్చిన దారినే డ్రైవరు కంటికి తిప్పికొడతాయి. పాత పెయింటుకు ఆ శక్తి లేదు. 1988 మోటారు వాహనాల చట్టం మొదటి షెడ్యూలులో ఆజ్ఞాపించేవి, హెచ్చరించేవి, సమాచారం చెప్పేవి అని సూచికలు మూడు వర్గాలుగా ఉన్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 67 అనే నియమావళిలో వాటి కొలతలు, రంగులు నిర్ణయించి ఎప్పటికప్పుడు సవరిస్తోంది. రోడ్డు సూచికల మీది 1968 వియన్నా ఒప్పందంలో మన దేశం 1980లో చేరింది కూడా. ఆగు, ఇటు రావద్దు, ముందు బడి ఉంది, మలుపు ఉంది అని చెప్పే బోర్డు పాతదైతే నిర్మొహమాటంగా తీసేయాలి. అందులో మమకారానికి తావు లేదు. పిల్లవాడు రోడ్డు దాటే చోట పాత అందం కన్నా కొత్త వెలుగే కావాలి. కానీ వీధి పేరు పలక డ్రైవరుకు ఆజ్ఞ ఇవ్వదు. పేట పేరు చెప్పే బోర్డును చూసి ఎవరూ బ్రేకు వేయరు. మైలురాయి వల్ల ప్రమాదం తప్పేదీ లేదు, జరిగేదీ లేదు. ఈ రెండు రకాలనూ ఒకే టెండరులో ‘పాత సూచికల తొలగింపు’ అని కట్టగట్టడమే అసలు తప్పు. భద్రత పేరు చెప్పి తీసేయాల్సినవి కొన్ని, ఆ పేరు నీడలో ఊరికే పోతున్నవి చాలా.

పాతవి మన్నవు, తుప్పుపట్టి పడిపోతాయి అన్నది ఇంకో మాట. పాతకాలపు ఎనామెల్ బోర్డును దగ్గరగా చూస్తే ఈ మాట ఎంత తొందరపాటో తెలుస్తుంది. ఉక్కు రేకు మీద గాజుపొడిని పూసి, సుమారు 800 డిగ్రీల వేడిలో కాలిస్తే ఆ గాజు కరిగి లోహంతో ఏకమవుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో కాల్పు. అందుకే వేలితో తడిమితే అక్షరం అంచు కాస్త ఎత్తుగా తగులుతుంది. ఎండకు రంగు వెలవదు, వానకు కారదు. పాడయ్యేది ఎక్కడంటే మేకు బిగించిన రంధ్రం దగ్గర. అక్కడ గాజు పెచ్చులూడి, లోపలి ఇనుము గాలికి బయటపడి, గోధుమరంగు మరక చుట్టూ పాకుతుంది. ఆ మూలను శుభ్రం చేసి, తుప్పు ఆపే పూత వేసి, మేకుకు రబ్బరు వాషరు పెట్టి బిగిస్తే బోర్డు ఇంకో తరం నిలుస్తుంది. కొత్త వెలుగు రేకుపొరలకు తయారీదార్లు ఇచ్చే హామీ ఏడు నుంచి పదేళ్లు. ఉక్కు రేకు మీద గాజు పరిచే పని ఉక్కునగరంలో చేయించలేమా? గోల్మురిలో టిన్‌ప్లేట్ కంపెనీ 1920ల నుంచీ రేకు చేసిన చోటు ఇది. పాడైన పలకలకు నకళ్లు కావాలంటే ఈ ఊరి చేతిపనివాళ్లకే అప్పగించవచ్చు.

ఈ ఆలోచన మనకు కొత్త కావచ్చు, లోకానికి కాదు. బ్రిటన్‌లో వర్‌బాయ్స్ కమిటీ 1963లో సిఫార్సు చేయగా 1965 జనవరి నుంచి దేశమంతటా కొత్త సూచికలు వచ్చాయి. చదవడానికి ఎంతో హాయిగా ఉండే మంచి సూచికలవి. ఆ ఊపులో కూడళ్లలో చేయి చాచినట్టుండే పాత దారిస్తంభాలు వేలకొద్దీ పోయాయి. నలభై ఏళ్లకు, 2005లో, అక్కడి రవాణా శాఖే మిగిలినవాటిని ఉన్నచోటే మరమ్మతు చేసి కాపాడమని స్థానిక సంస్థలకు సూచనపత్రం ఇచ్చింది. అప్పటికి పోయినవాటిని మళ్లీ పోతపోయించుకోవడానికి గ్రామాలు చందాలు వేసుకోవాల్సి వచ్చింది. అంత దూరం వెళ్లనక్కర్లేదు. పుదుచ్చేరిలో తమిళం, ఫ్రెంచి రెండు భాషల్లో ఉన్న నీలిరంగు వీధి పలకలు ఆ ఊరి ముఖచిత్రమయ్యాయి. ట్రాఫిక్ సూచికలు వేరే ఉన్నాయి, దేని పని దానిది. జైపూర్ పాత నగరంలో దుకాణాల బోర్డులకు ఒకే తీరు పాటించడం వల్ల అక్కడి చౌపడ్ కూడళ్లు ఇంత రద్దీలోనూ కంటికి ఒక క్రమంలో ఆనుతాయి. హైదరాబాదులో 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసినప్పుడు కొత్తగా కట్టిందానికన్నా తీసేసిందే ఎక్కువ మార్పు తెచ్చింది. అడ్డదిడ్డంగా వేలాడిన రేకులు, బోర్డులు దిగాక ఆ రాతి కమానులు మళ్లీ జనానికి కనబడ్డాయి. 2020లో అది తెరుచుకున్నప్పుడు జనం కొత్త కట్టడాన్ని చూసినట్టు చూశారు.

మొజంజాహీ మార్కెట్ మాట ఎత్తడానికి కారణం ఉంది. కూడలి గందరగోళంగా ఉంది కాబట్టి పాత బోర్డులు తీసి శుభ్రం చేస్తున్నాం అనడం మన దగ్గర మామూలైంది. కానీ ఆ గందరగోళం ఎవరిది? దుర్గాపూజ శుభాకాంక్షలు, రామనవమి శుభాకాంక్షలు, నాయకుడి పుట్టినరోజు, కోచింగ్ సెంటరు ర్యాంకులు, కొత్త నగల దుకాణం, ఇవన్నీ ఫ్లెక్సీలు. వాటి తాళ్లు కట్టేది సూచిక స్తంభాలకే. ఒక స్తంభానికి మూడు ఫ్లెక్సీలు, చుట్టచుట్టిన కేబుల్ తీగలు, వెనక ఎక్కడో ఒక వీధి పేరు. పండుగ అయిపోయినా ఫ్లెక్సీ చిరిగేదాకా ఉంటుంది. తీసేటప్పుడు తాడు లాగితే పలక వంగుతుంది. ఊరి చరిత్రను మోసే అడుగున్నర రేకు చెత్త అయి, ఇరవై అడుగుల ప్లాస్టిక్ గుడ్డ అలంకారం అయిన లెక్క నాకు మింగుడుపడదు. మీ సిబ్బంది కూడలిని శుభ్రం చేయాలనుకుంటే అక్కడ మొదలుపెట్టాలి.

బస్తీల్లో మంచినీళ్లు, మురుగుకాల్వల బాధ ఉండగా ఇప్పుడు బోర్డులేమిటి అని అడిగేవాళ్లకు నా జవాబు: ఇది అదనపు ఖర్చు పని కాదు, ఖర్చు పెడుతున్న పనిలోనే కాస్త జాగ్రత్త. పాతది పీకడానికి కూలి అవుతుంది, ఉంచడానికి కాదు. కొత్త స్తంభాన్ని రెండడుగులు పక్కన పాతమనడం వల్ల కాల్వ పని ఆగదు. ఫోన్‌లో పటం ఉండగా పలకలెందుకు అనేది ఇంకో ప్రశ్న. ఫోన్ పటం ఇవాళ్టి పేరు చెబుతుంది. రేపు ఎవరో దాన్ని దిద్దితే నిన్నటి పేరు గుర్తులేకుండా పోతుంది.

ఈ పాత పలకల మీదివి తెల్లదొరల పేర్లు, కంపెనీ పేర్లు, వీటిని మోయడం బానిసత్వం కాదా అనే ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. సాకచీ, కాలీమాటీ అనే పాత ఊళ్ల మీద ఇంకో పేరు వేసింది వైస్రాయి. ఆదివాసీల భూమి మీద లేచిన ఊరు ఇది. అయితే తప్పు జరిగిందని చెప్పే సాక్ష్యాన్ని కూడా తీసేస్తే తప్పు సరికాదు. పైగా, కాలీమాటీ రోడ్డు పలకను ఉంచమనడం ఆ వైస్రాయి తోసేసిన పేరును ఉంచమనడమే కదా. లోటు మరొకటుంది, దాన్ని కొత్త బోర్డుల మీద పూడ్చవచ్చు. సంతాలీ భాష 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలుకెక్కింది. 1925లో పండిట్ రఘునాథ్ ముర్ము రూపొందించిన ఓల్ చికీ లిపి ఇప్పటికి నూరేళ్లది. జార్ఖండ్ 2011లో సంతాలీ, హో, ఒడియా, బంగ్లా మొదలైన భాషలకు రెండో అధికార భాష హోదా ఇచ్చింది. ఈ ఊరి అసలు వారసుల లిపి కొత్త పలక మీదికి తప్పకుండా రావాలి. తెలుగులో బోర్డు పెట్టమని నేను అడగడం లేదు. ఇక్కడ మనం వచ్చి కలిసినవాళ్లం, ఆ వరుసలో ముందు నిలబడాల్సినవాళ్లు వేరే ఉన్నారు. పాతది ఉంచి, కొత్తదాని మీద పాతది వదిలేసినవాళ్లను చేర్చడం, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డురావు.

1958 నాటి పురావస్తు చట్టం నూరేళ్లు దాటిన కట్టడాల కోసం రాసింది, వీధి పలక దాని చేతికి అందదు. అందుకే ఈ భారం స్థానిక పాలన మీద, అంటే మీ మీద పడుతోంది. చేయాల్సింది పెద్ద పని కాదు. సాకచీ, భాలుబాసా, బిష్టుపూర్, గోల్మురి, బర్మామైన్స్, కదమా, సోనారీలలో మిగిలిన పాత పలకల్నీ, మైలురాళ్లనీ, పేట బోర్డుల్నీ ఒక్కసారి ఫోటో తీయించి, ఎక్కడుందో, ఏం రాసి ఉందో ఒక రిజిస్టరులో ఎక్కించండి. పాఠశాలల విద్యార్థులకు ఇస్తే పేట పేటకూ వాళ్లే చేసిపెడతారు. ఆ రిజిస్టరు జిల్లా కార్యాలయంలో ఎవరైనా చూసేలా ఉండాలి. అలాగే రోడ్డు, కూడలి పనుల టెండరు పత్రాల్లో ఒక షరతు చేర్చండి: రిజిస్టరులో ఉన్న ఏ పలకనూ రాతపూర్వక అనుమతి లేకుండా కాంట్రాక్టరు తీయకూడదు, తీయక తప్పని చోట దాన్ని తుక్కుకు ఇవ్వకుండా అదే వీధిలో తిరిగి బిగించాలి. స్తంభాలకు ఫ్లెక్సీలు కట్టడం నిషేధించి, కట్టినవాళ్ల దగ్గరే తొలగింపు ఖర్చు వసూలు చేయండి.

ఏటా మార్చి 3న సంస్థాపక దినోత్సవానికి ఊరంతా దీపాలు పెడతారు. వచ్చే మార్చి 3 లోపు ఆ షరతు టెండరు పత్రంలోకి ఎక్కించమని, మొదటి ఫోటోలు భాలుబాసాలో తీయించమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
భాలుబాసా వాసి